గేరు నూనె మాటేమిటి?

కె.సి. కాలువ కింద దమ్ము చేసే నంద్యాల, ఆళ్లగడ్డ రైతు సోదరులు ఇంజను ఆయిలు మరవకుండా మారుస్తారు. గేరుబాక్సు, డిఫరెన్షియల్ నూనె మాటెత్తితే మాత్రం "శబ్దం రాలేదు కదా" అంటారు. శబ్దం వచ్చేసరికి పళ్లు అరిగిపోయి ఉంటాయి. నాట్ల వేళ ట్రాక్టరు షెడ్డులో ఉంటుంది.

దమ్ములో సీళ్ల గుండా నీరు చేరితే నూనె పాలలా తెల్లబడుతుంది. అప్పుడు గంటల లెక్క చూడకుండా మార్చాల్సిందే. ఇది ఇంటి దగ్గరే చేసుకోదగ్గ పని. బండిని కాసేపు నడిపి, చదును నేలలో ఆపండి. పోసే చోటి బిరడా ఊడుతుందని చూసుకున్నాకే కింది బిరడా విప్పండి. సన్నటి ఇనుప పొడి కనిపిస్తే భయం లేదు. ముక్కలొస్తే మెకానిక్కును పిలవండి.

చవకని ఏదో ఒకటి పోయకండి. నూనెలో మునిగి ఉండే బ్రేకులైతే కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. తీసిన నూనె కాలువ పాలు చేయొద్దు. ఆ నీళ్లే కదా మన పైరుకు!