శనివారం మధ్యాహ్నం ఎవరిది?

ప్రత్తిపాడు ప్రాంతం నుంచి వచ్చిన నా పూర్వ విద్యార్థి ఒకడు మాంచెస్టర్‌లో పీజీ చదువుతున్నాడు. తల్లి మిరప కోతలకు వెళ్లే కూలీ. దళిత విద్యార్థులకు కేంద్రం ఇచ్చే జాతీయ విదేశీ ఉపకార వేతనంతో వెళ్లాడు. అతను పంపిన ఫొటోల్లో గ్రంథాలయం ఉంది, మ్యూజియంలోని పాత నూలు యంత్రాలు ఉన్నాయి, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఉంది. ఆ చివరి ఫొటో మా అధ్యాపకుల టీ బల్ల దగ్గర చర్చకు వచ్చింది. ‘సర్కారు సొమ్ముతో చదువుకోమంటే బంతాట చూస్తున్నాడా?’ అని ఒక పెద్దమనిషి నవ్వారు. ఆయన కుమారుడు అమెరికాలో బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూసిన ఫొటోను మాకు మురిపెంగా చూపించింది కూడా ఆ బల్ల దగ్గరే.

ఒక కులంవాడు లోకం చూస్తే అనుభవం, మరొక కులంవాడు చూస్తే దుర్వినియోగం ఎలా అవుతుంది? పేదవాడికి చదువు ఇస్తాం గానీ తీరిక ఇవ్వం అనే భావన ఇందులో ఉంది.

నేను ఫుట్‌బాల్ అభిమానిని కాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో నేటికీ సరిగా తెలియదు. అయినా ఆ ఆట చరిత్ర పత్తి పండించే మనకు తెలియవలసినది. 1850 నాటి బ్రిటిష్ ఫ్యాక్టరీ చట్టం నూలు మిల్లుల్లో స్త్రీలు, చిన్నవయసు కార్మికులు శనివారం మధ్యాహ్నం రెండు దాటాక పనిచేయరాదని నిర్ణయించింది. వారు లేనిదే మిల్లులు నడవవు కనుక మగ కార్మికులకూ ఆ పూట దక్కింది. శనివారం మూడు గంటలకు మ్యాచ్ మొదలయ్యే ఆనవాయితీ అలా స్థిరపడింది. 1883లో నేతగాళ్లు, నూలు కార్మికులు ఆడిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు, సంపన్నుల పాఠశాల ఈటన్ పూర్వ విద్యార్థుల జట్టును 2-1తో ఓడించి ఎఫ్ఏ కప్పు గెలిచింది. అంతకుముందు ఆ కప్పు దాదాపుగా పెద్దింటి బిడ్డల, సైనికాధికారుల సొత్తు. అంటే ఆ స్టేడియం మెట్లు కార్మికులు పోరాడి సాధించుకున్న తీరిక మీద లేచినవి. మన మిరప చేలలో కోతకు దిగే ఆడకూలీలకు, కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలతో సహా వలస వచ్చేవారికి అటువంటి శనివారం ఏ చట్టంలోనూ లేదు.

అతను రాసిన ఒక మాట నన్ను ఆపేసింది. ‘సార్, గోల్ పడగానే పక్కన కూర్చున్న ముసలాయన నన్ను వాటేసుకున్నాడు. నా పేరు కూడా అడగలేదు.’ ఇది చదవగానే నాకు చుండూరు గుర్తుకు వచ్చింది. 1991లో అక్కడ సినిమా హాలులో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు పై కులపువాడికి తగిలిందన్నదే వివాదానికి నాంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. వినోదం చూసే చోట పక్కవాడికి కాలు తగలడం ప్రాణాంతకమైన నేల నుంచి వెళ్లిన పిల్లవాడికి, జనం భుజాలు రాసుకునే గ్యాలరీలో గడిపిన రెండు గంటలు చదువు కాదని ఎలా అనగలం?

అంబేడ్కర్ 1913లో బరోడా మహారాజు ఇచ్చిన వేతనంతో కొలంబియాకు వెళ్లారు. అర్థశాస్త్రంతో ఆగక చరిత్ర, సామాజిక శాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం చదివారు. తాను అంటరానివాడినన్న స్పృహ విదేశాల్లో గడిపిన ఏళ్లలో పూర్తిగా చెరిగిపోయిందని తర్వాత రాసుకున్నారు. అది తరగతి గదిలో మాత్రమే చెరిగి ఉండదు. హోటళ్లలో, వీధుల్లో, పాత పుస్తకాల దుకాణాల్లో కూడా చెరిగి ఉంటుంది. 1917లో బరోడాకు తిరిగి రాగానే కర్రలు పట్టుకున్న గుంపు ఆయనను పార్సీ సత్రం నుంచి వెళ్లగొట్టింది.

1916 మే 9న కొలంబియాలో గోల్డెన్‌వైజర్ మానవశాస్త్ర సదస్సులో ఆయన చదివిన పత్రం భారతదేశంలో కులాల గురించి. కేంద్రం 2022-23 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్రతో పాటు భారత సమాజ అధ్యయనానికి సంబంధించిన పరిశోధనాంశాలకు ఈ ఉపకార వేతనం వర్తించదని రాసింది. అదే నిబంధన నాడు బరోడాలో ఉంటే ఆ పత్రం గతి ఏమయ్యేది? దేశం మొత్తానికి ఉన్న 125 వేతనాలలో 115 షెడ్యూల్డ్ కులాలవే. ఎవరి నోటికి ఈ గొళ్లెం పెట్టారో వేరే చెప్పనక్కరలేదు. తమ చరిత్రను, తమ సంస్కృతిని బయటి ప్రపంచంలో నిలబడి చూసే అవకాశాన్ని ఆ పిల్లలకే నిరాకరించడం పొదుపు కాదు, రాజకీయం. ఈ షరతు పోవాలి. మన పార్లమెంటు సభ్యులు, కనీసం గుంటూరు, బాపట్ల, ఒంగోలు వారు, సభలో దీనిని అడగాలి.

నా విద్యార్థి మొదట పరిశోధించాలనుకున్నది గుంటూరు పత్తి చేలలో కూలికీ కులానికీ ఉన్న సంబంధం. నిబంధన చదివాక అంశం మార్చుకున్నాడు. ఇప్పుడు ఆఫ్రికా దేశాల పత్తి ధరల మీద పనిచేస్తున్నాడు. ఆ మొదటి ప్రతిపాదన పదకొండు పేజీలు, అతని చేతిరాతలో దిద్దుబాట్లతో సహా, నా బల్ల సొరుగులో ఉంది.