రెండో ఏట ఆగిపోతున్న చదువు

కావలిలో జవహర్ భారతి కళాశాల 1951లో వెలిసింది. ఈ తీరపు పల్లెల మగపిల్లలు ఏనాడో కాలేజీ గడప తొక్కారు. మన ఆడపిల్లలు ఆలస్యంగా బయలుదేరారు.

ఆ అమ్మాయి దినచర్య చూడండి. ఫజర్ నమాజు, వంటింట్లో అమ్మీకి సాయం, తమ్ముళ్ళకు టిఫిన్లు, ఆపైన బస్సు. మధ్యాహ్నం క్యారియరు విప్పేసరికి జొహర్ వేళ. వజూకు ఒక కుళాయి, నాలుగడుగుల శుభ్రమైన చోటు దొరికితే అదే గొప్ప. సాయంత్రం బస్సు తప్పితే ఇంట్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. తమ్ముడు రాత్రి తొమ్మిదింటికి వచ్చినా అడిగేవారుండరు!

ఇంత ఓర్చుకుని రెండో ఏడాదికి వచ్చిందో లేదో, రిష్తా వస్తుంది. చదువు ఆగుతుంది.

ఖర్చు భరించలేక మాన్పించామంటాం. వెనుకబడిన ముస్లిం తరగతులకు 2007 చట్టంతో 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవారికి టిక్కెట్టు డబ్బులూ లేవు. ఇక మిగిలింది 'నలుగురూ ఏమంటారో' అన్న బెంగ.

వచ్చిన సంబంధం వదులుకోమని మేము అనడం లేదు. ఆఖరి పరీక్షలయ్యాక నిఖా పెట్టుకుందామని మగపెళ్ళివారిని అడిగి చూశామా? అలా అడిగితే కాదన్న పెద్దలు మాకు తక్కువగానే తగిలారు. అడిగిన తండ్రులు అంతకన్నా తక్కువ.