ఘోడో అంటే నవ్వడమెందుకు?



మొన్న స్టడీ అవర్‌లో ఒక సంగతి జరిగింది. ఆరో తరగతి తమ్ముడు ఒకడు గోడ మీది జంతువుల చార్టు చదువుతున్నాడు. గుర్రం బొమ్మ మీద వేలు పెట్టి "ఘోడో" అన్నాడు. అందరం పక్కున నవ్వినం. నేనూ నవ్విన. నాదీ తండానే. మా ఇంట్ల కూడా గుర్రాన్ని ఘోడో అనే అంటరు. అయినా నవ్విన. ఆ తమ్ముడు ఆ రాత్రి అన్నం దగ్గర కూడా నోరు తెరవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు మనం దేనికి నవ్వినం? గుర్రానికి పర్యాయపదాలు రాయమంటే అశ్వం, తురగం, హయం, ఘోటకం అని గబగబా రాస్తాం. ఆ సంస్కృత ఘోటకం నుంచే హిందీ ఘోడా వచ్చింది. గుజరాతీ వాళ్లు, రాజస్థాన్ వాళ్లు ఘోడో అంటారు. మన లంబాడీలోనూ అదే మాట. పరీక్షలో ఘోటకం అని రాస్తే మార్కు, నోటితో ఘోడో అంటే నవ్వు! ఇదేం న్యాయం? రెండూ ఒకే ఇంటి మాటలు. మన పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి దక్కనుకు వచ్చారంటారు కదా, ఆ దారికి సాక్ష్యం మన నాలుక మీదనే ఉంది.

తండా అనే మాటనే తీసుకోండి. ఇప్పుడు తండా అంటే ఊరు. 2018 చట్టంతో చాలా తండాలు గ్రామ పంచాయతీలు కూడా అయినయి. కానీ పూర్వం తండా అంటే కదిలే బిడారు. ఎడ్ల వీపు మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగేవారు. ఆ పనిని లదేణి అనేవారు. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్, 10,000 నుంచి 12,000 ఎడ్లు ఒక్కసారిగా నడిచే బిడార్లను చూసి ఆశ్చర్యపడి రాశాడు. తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు లైను పడింది. రైళ్లు, బండ్లు పెరిగిన కొద్దీ లదేణి ఆగిపోయింది. ఎడ్లు పోయినయి, తండా అనే మాట మిగిలింది.

మన చుట్టూ ఉన్న పేర్లు చూడండి. ఉప్పల్ నుంచి తార్నాక పోయే బస్సు హబ్సిగూడలో ఆగుతుంది. హబ్షీ అంటే ఆఫ్రికా మనిషి. నిజాం కొలువులో ఆఫ్రికా గుర్రపు సిపాయిలుండేవారు. ఏసీ గార్డ్స్ అంటే ఏసీ మిషను కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. బొల్లారం దగ్గర రిసాలా బజార్ ఉంది. రిసాలా అంటే గుర్రపు దళం. గుర్రాలు పోయినా బస్టాపులు వాటి పేరు మోస్తున్నయి.

ఇక్కడ నాకొకటి తోచింది. జీను, లగాం, రికాబు, సవారీ ఇవన్నీ ఫారసీ వాళ్ల నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు. మరి ఎద్దు, కాడి, మేడి, పలుపు, ముకుతాడు? అవి రైతు ఇంట్లో పుట్టిన తెలుగు మాటలు. గుర్రం ఎక్కువగా దొరల దగ్గర ఉండేది, ఎద్దు రైతు దగ్గర ఉండేది. ఎవరి దగ్గర ఏది ఉందో మాటలే చెబుతున్నయి.

అరకకు కట్టిన రెండెడ్లలో కుడిదాన్ని వలపట అంటారు, ఎడమదాన్ని దాపట అంటారు. దాపు అంటే దగ్గర అనే అర్థం కూడా ఉంది. చిత్రమేమంటే ఇంగ్లీషులో గుర్రాల జతలో ఎడమదాన్ని "నియర్" అంటారు, అంటే దగ్గరిది. కుడిది "ఆఫ్", అంటే అవతలిది. మనిషి గుర్రానికి ఎడమ పక్కన నడుస్తాడు గనుక ఆ పేరు. ఆ రైతూ మన రైతూ ఎన్నడూ కలవలేదు. పశువు పక్కన నడిచేవాడి ఆలోచన ఎక్కడైనా ఒకటేనేమో!

అయితే వినడానికి ఒకలాగున్న మాటలన్నీ చుట్టాలు కావు. ఎడ్లతో నీళ్లు తోడేది మోట. కరెంటుతో తోడేది మోటారు. మోట మనది, మోటారు ఇంగ్లీషుది. కానీ ఆ మోటారులో కూడా పశువు దాగి ఉంది. "ఐదు హెచ్.పి. మోటారు" అంటాం కదా, హెచ్.పి. అంటే గుర్రపు బలం. ఆవిరియంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెప్పడానికి జేమ్స్ వాట్ పెట్టిన లెక్క అది. ఒక హెచ్.పి. అంటే 746 వాట్లు.

గోండు అన్నలు ఎద్దును కోందా అంటారు. తెలుగులో కోడెదూడ అంటాం. ఆ రెండూ ఒక వేరు నుంచి వచ్చినవే. కువి భాషలో కోడి అంటే ఆవు! ఆ పిల్లవాడు "మా కోడి పాలిస్తది" అంటే మనం మళ్లీ నవ్వుతమా?

కొందరు అన్నలు అంటారు, "ఇవన్నీ పరీక్షలో రావు, ఇంటి భాష మాట్లాడితే ఇంగ్లీషు రాదు" అని. ఇంగ్లీషు రావాలె, నేను కాదనను. కానీ ఒక మాట నేర్చుకోవడానికి ఇంకో మాటను మరువాల్నా? పైన చెప్పిన 746 ఫిజిక్సులో వస్తది, ఘోటకం తెలుగులో వస్తది. ఇంటి మాట తెలిసినవాడికి ఇవి ఇంకా తొందరగా గుర్తుంటయి.

మా తండాలో ఇప్పుడు ట్రాక్టరే దున్నుతున్నది. వలపట, దాపట మా తమ్ముడికి తెలియదు. తాతలు పోతే ఆ మాటలూ పోతయి.

అందుకని నా మనవి. ఈసారి సెలవులకు పోయినప్పుడు ప్రతి ఒక్కరం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పశువుల మాటలు పది రాసుకొద్దాం. ఏ పనిముట్టును ఏమంటారు, పశువును ఎట్ల అదిలిస్తారు, ఎట్ల ఆపుతారు, అన్నీ. లంబాడీ, గోండి, కోయ, తెలుగు పక్కపక్కన రాద్దాం. వార్డెన్ సార్ గారు ఈ గోడ మీదనే ఒక చార్టు జాగా ఇప్పిస్తే చాలు.

ఆ చార్టులో మొదటి మాట "ఘోడో" కావాలి. దాన్ని ఆ ఆరో తరగతి తమ్ముడే తన చేతితో రాయాలి. తమ్ముడూ, నవ్వినందుకు నన్ను క్షమించు.

— పదో తరగతి విద్యార్థి