వెనుక ఆసనమున కూర్చున్నవాడు

యుద్ధవిమానమనగానే మన బాలురకు మొదట స్ఫురించునది బాంబు, పిదప విమానచోదకుడు. వెనుక ఆసనమున కూర్చుండి సముద్రమును పరికించువానిని తలచువారు అరుదు. నా దృష్టిలో ముందుగా తలపవలసినవాడు ఆతడే.

1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారి విమానవాహకనౌక ర్యూజో నుండి ఎగిరివచ్చిన విమానములు విశాఖపట్టణపు రేవుపై బాంబులు వేసినవి. కాకినాడకును ఆనాడే అట్టి గతి పట్టెను. అప్పటికి శ్రీకాకుళము, విజయనగరము వేరు జిల్లాలు కావు. అంతయు విశాఖపట్టణము జిల్లాయే. పట్టణవాసులనేకులు మూటముల్లెలతో లోపలి గ్రామములకు తరలిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సైతము గుంటూరునకు మారవలసివచ్చెను.

ఆ జపాను విమానమున మువ్వురుందురు: నడుపువాడు, దారి లెక్కించువాడు, వార్తలు పంపుచు మరతుపాకి పట్టువాడు. అది గంటకు 370 కిలోమీటర్లకు పైగా పోగలదు. మన తీరమును కాపాడుటకు ఏర్పడిన స్వచ్ఛంద వైమానిక దళములకు దక్కినవో, వాపిటీ మొదలగు పాత జంటరెక్కల విమానములు! విశాఖలోను అట్టి దళమొకటి యుండెను. 1933లో కరాచీలో భారత వైమానికదళపు మొదటి స్క్వాడ్రను నాలుగు వాపిటీలతోనే పుట్టినది. దాని వేగము జపాను విమానపు వేగములో మూడింట రెండు వంతులు కూడ లేదు. అందు కూర్చుండువారు ఇద్దరే, తలపై కప్పు లేదు, యంత్రము ఒక్కటే. అది ఆగినచో క్రింద నీరే గతి.

తీరము వెంబడి పోవునంతసేపు భీమునిపట్టణము, నాగావళీ వంశధారల సంగమములు, కళింగపట్టణపు దీపస్తంభము దారి చూపును. తీరము కనుమరుగైన పిదప గుర్తులేవి? దిక్సూచి, గడియారము, గాలి ఎటు త్రోయుచున్నదో ఊహించు బుద్ధి, ఇంతే. ఎండలో తళతళలాడు నీటిపై ఓడ వెనుక సాగు నురుగుచారను పట్టుకొనవలెను. శత్రునౌకలు కనబడినచో వానిపై పడుట ఆతని పని కాదు. ఎన్ని ఓడలు, ఏ దిక్కునకు, ఎంత వేగమున అని వ్రాసికొని ప్రాణములతో తిరిగివచ్చుటయే ఆతని పని.

తప్పించుకొని వచ్చుటయు శౌర్యమేనా యని కొందరు నవ్వుదురు. ఆ నవ్వు నాకు రుచింపదు. వార్త వేళకు చేరినచో ఓడ రేవు విడిచిపోగలదు, కూలీ కందకములో దాగగలడు. బాంబు వేయువానికి ఆ కూలీ ముఖము కనబడదు. వెనుక ఆసనమువాడు కన్నులు చిల్లులు పడునట్లు చూచునది ఆ కూలీ కొరకే.

నాడు పేలక మిగిలిన బాంబు నొకదానిని విశాఖ మ్యూజియమున ఉంచిరి. పిల్లలు దాని చుట్టు మూగుదురు; మూగవలసినదే. నాకు వీలైనచో, ఆ పిల్లలను ఒక మధ్యాహ్నము కళింగపట్టణపు ఒడ్డున నిలిపి, దిగంతమున ఒక్క పడవను వెదకి చూపుడని అడుగుదును.