పెరటిలో ఎత్తు మళ్లు

పొలమున్న రైతు సైతం కీరదోస, ముల్లంగి, టమాటాల కోసం సంతకు పోవలసి రావడం విచారకరం. పెరట్లో జాగా లేక కాదు. వానకు నీరు నిలిచి మొక్కలు కుళ్లిపోతుంటే విసిగి చాలామంది ఆ ప్రయత్నమే మానుకున్నారు. నల్లరేగడి ఊళ్లలో ఈ బాధ మరీ ఎక్కువ.

దీనికి విరుగుడు ఎత్తు మడి. మిరప నారు పోసే రైతులకు ఇది కొత్త కాదు. 3 అడుగుల వెడల్పు, 9 అంగుళాల ఎత్తున మట్టి పోసి, బాగా చివికిన పశువుల ఎరువు కలపాలి. అంత వెడల్పయితే మడి తొక్కకుండా ఇరువైపుల నుంచీ కలుపు తీయవచ్చు. మట్టి గుల్లగా ఉండి ముల్లంగి చక్కగా ఊరుతుంది. సుమారు 45 రోజుల్లో చేతికి వస్తుంది. అయితే ఎత్తు మడి త్వరగా ఆరుతుంది గనుక ఎండుగడ్డి పరచి, తరచు తడపాలి.

పచ్చిగా తినే వాటికి మురుగునీరు, పచ్చిపేడ తగలనీయరాదు. రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు నేరుగా కంచంలోకి చేరతాయి. సంతలో కొన్నది ఏ నీటితో పెరిగిందో కొన్నవారికి తెలియదు. పెరటిలో పండినదాని సంగతి ఇంటివారికి తెలుసు.

రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. కూలి కుటుంబాలకు అంత కొనే స్తోమత ఎక్కడిది? వానలు వెనుదిరిగేలోగా పంచాయతీలు, మహిళా సంఘాలు పూనుకొని ఇంటింటికీ విత్తనాలు అందించాలి. జానెడు పెరడున్న ఇల్లు సైతం ఒక్క మడి వేసుకోవచ్చు.