లెక్కకు రాని పసిప్రాణాలు

వడగాడ్పుకు కూలీ కుప్పకూలితే తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసి అది వడదెబ్బ మరణమా కాదా అని తేలుస్తారు. అదే మధ్యాహ్నం గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో ఓ రేకుల ఇంట్లో పాలు తాగి నిద్రపోయిన మూడు నెలల బిడ్డ మళ్లీ లేవకపోతే మాత్రం ఎవరూ రారు. పాలు పొలమారాయని ఒకరు, పక్షిదోషమని మరొకరు చెబుతారు. పొద్దు వాలేలోగా మట్టి చేస్తారు. ఆ చావుకు కారణం అడగని ప్రభుత్వానికి శిశుమరణాలు తగ్గించామని చెప్పుకునే అర్హత లేదు.

ఎండకూ పసిపిల్లల ఆకస్మిక మరణాలకూ సంబంధం ఉండవచ్చన్నది ఊహాగానం కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో 1981 నుంచి 2010 వరకు నమోదైన ఇలాంటి 196 మరణాలను పరిశోధకులు పరిశీలించారు. పగటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలున్న రోజుతో పోలిస్తే, 29 డిగ్రీలు చేరిన రోజున ముప్పు సుమారు 2.8 రెట్లని తేల్చారు. నెలల పిల్లల్లోనూ మూడు నెలలు నిండినవారిలో ఈ సంబంధం మరింత బలంగా కనిపించింది. ఎండే చంపిందనడానికి ఇది రుజువు కాదు. చలిదేశపు అంకెను మనకు యథాతథంగా అన్వయించడమూ తప్పే. కానీ అక్కడ వారు లెక్క రాసిపెట్టుకున్నారు కాబట్టే ప్రశ్న వేయగలిగారు. మన దగ్గర ఆ లెక్కే లేదు.

అహ్మదాబాద్ అనుభవం మనకు మరింత దగ్గరిది. 2010 వడగాడ్పుల్లో అక్కడి శారదాబెన్ ఆసుపత్రి నవజాత శిశు చికిత్సా విభాగంలో వేడి తాళలేని శిశువులు వరుసగా చేరారు. ఆ ఆసుపత్రి ప్రసూతి వార్డు అప్పట్లో పై అంతస్తులో ఉండేది. దాన్ని కిందికి మార్చాక అలాంటి చేరికలు బాగా తగ్గాయి. కోట్లు ఖర్చు కాలేదు. ఎండను శిశువు సమస్యగా ఎవరో గుర్తించారు, అంతే.

డెల్టా వేడి వేరు. ఇక్కడ ఎండకు ఉక్కపోత తోడవుతుంది. చెమట ఆరదు, రాత్రయినా ఒళ్లు చల్లబడదు. ఒళ్లంతా కప్పిన పసివాడి వేడి ఎక్కువగా తల నుంచే పోవాలి. ఆ తలకు టోపీ, చెవుల్లో దూది, ఒంటికి పొత్తిళ్లు, గాలి సోకుతుందని మూసిన తలుపులు, గదినిండా సాంబ్రాణి పొగ! ఒళ్లు వేడెక్కిన శిశువు గాఢనిద్రలోకి జారుకుంటాడు. ఊపిరి తడబడినా ఉలిక్కిపడి లేచే శక్తి సన్నగిల్లుతుంది. పుట్టిన తొలి రోజుల్లో, తక్కువ బరువు పిల్లలకు వెచ్చదనం ప్రాణాధారమే. ఆ జాగ్రత్తనే రోహిణి కార్తెలో మూడు నెలల బిడ్డకూ వర్తింపజేయడం ప్రేమ పేరిట జరిగే ప్రమాదం. తల్లినీ అమ్మమ్మనూ నిందించి ప్రయోజనం లేదు. వారికి ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సింది ప్రభుత్వం. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా బలయ్యాక హెచ్చరికలు, చలివేంద్రాలు, మజ్జిగ పంపిణీ పెరిగాయి. అవన్నీ రోడ్డు మీది మనిషికే. ఐదేళ్లలోపు పిల్లల మరణాలను సమీక్షించాలని 2014లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. ఇంట్లో హఠాత్తుగా చనిపోయిన ప్రతి శిశువు విషయంలోనూ ఆ రోజు ఉష్ణోగ్రత, ఇంటి కప్పు, కరెంటు కోత, బిడ్డ ఒంటి మీది బట్టలు ఆ సమీక్షలో నమోదు కావాలి. ఆశా కార్యకర్త ప్రసవం తర్వాత 42 రోజుల వరకు, ఆపై మూడో నెల నుంచి ఇంటికి వెళుతూనే ఉంటుంది. వడగాడ్పు హెచ్చరిక వెలువడిన మండలంలో ఏడాదిలోపు బిడ్డ ఉన్న ప్రతి గడపనూ ఆమె తొక్కాలి. అందుకు అదనపు పారితోషికం చెల్లించాలి. తెలంగాణ 2023లో చల్లని పైకప్పులకు విధానం తెచ్చింది. రేకుల ఇళ్లు కిక్కిరిసిన మన పట్టణాలకు అది మరింత అవసరం.

ఇళ్లలో చేయాల్సింది సులువు. టోపీ తీయండి, పలుచటి నూలుబట్ట చాలు, తలుపులు తెరవండి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. ఆరు నెలల లోపు నీళ్లు వద్దు, చనుబాలు తరచుగా పట్టండి.

రుజువు పూర్తయ్యాక కదులుతామనడం పాలకులకు అలవాటైన సాకు. మరణాలను నమోదు చేయనివారు రుజువు అడగడానికి అనర్హులు. వచ్చే వేసవికి ముందే ఈ నమోదు మొదలుకాకపోతే, ఆ తర్వాత పోయే ప్రాణాలకు ఎండను కాక వారినే దోషులుగా నిలబెట్టాలి.