వేగానికి వెల

విద్యుత్తుతో నడిచే కారు నిన్నమొన్నటి వింత అని తలచేవారు చాలామంది. కాని గంటకు నూరు కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన రహదారి వాహనం పెట్రోలు బండి కాదు. 1899 ఏప్రిల్ 29వ తేదీన పారిస్ నగర సమీపంలోని అషేర్ వద్ద కామీయ్ జెనాట్సీ అనే బెల్జియం దేశీయుడు తూటా ఆకారం గల విద్యుత్ వాహనాన్ని గంటకు 105 కిలోమీటర్లకు పైగా పరుగెత్తించాడు. ఆ బండి పేరుకు ‘ఎన్నడూ తృప్తి చెందనిది’ అని అర్థం. పేరు పెట్టినవారు మానవ స్వభావాన్ని బాగా ఎరిగినవారే.

ఆ తరువాత శతాబ్దం పాటు పెట్రోలుదే రాజ్యమయింది. 1908లో ఫోర్డు సంస్థ చౌక కారును తెచ్చింది. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు వచ్చి, ఇంజనును చేతితో తిప్పే బాధ తప్పింది. విద్యుత్ కారును మూలకు నెట్టడంలో ఒక చిన్న విద్యుత్ మోటారుకు భాగం ఉండటం చరిత్రలోని చమత్కారం. 2008లో టెస్లా రోడ్‌స్టర్ కొనుగోలుదారులకు అందడం మొదలైనప్పుడు పాత పోటీ మళ్ళీ తెరపైకి వచ్చింది. నాలుగు సెకన్ల లోపే గంటకు 97 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్న ఆ కారు, విద్యుత్ వాహనమంటే మందకొడి బండి అన్న అపోహను తుడిచివేసింది. 2019లో పోర్షే సంస్థ టైకాన్‌ను, 2021లో టెస్లా సంస్థ వెయ్యి అశ్వశక్తులను మించిన మోడల్ ఎస్ ప్లాయిడ్‌ను ప్రవేశపెట్టాయి.

ఇంత బలం గల కారు ఎంత విద్యుత్తును తింటుంది? బలం పెరిగితే తిండి పెరగడం లోకసహజమని ఎవరైనా అనుకొంటారు. పెట్రోలు ఇంజను విషయంలో అది నిజం. ఎనిమిది సిలిండర్ల ఇంజను నగరంలో నెమ్మదిగా కదిలేటప్పుడు తన శక్తిలో స్వల్పభాగాన్నే వాడుకొంటుంది. ఆ స్థితిలో దాని దక్షత బాగా పడిపోతుంది. కూడలిలో ఎర్రదీపం ముందు కదలక నిలిచినా ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత దానికి చక్కగా అతుకుతుంది. విద్యుత్ మోటారు తీరు వేరు. అది తనకందిన విద్యుత్తులో నూటికి తొంభై పాళ్ళ వరకు చలనంగా మార్చగలదు. తక్కువ భారం మీద కూడా దాని దక్షత అంతగా తగ్గదు. బండి నిలిస్తే అదీ నిలుస్తుంది. పైగా పెద్ద మోటారు పెద్ద జనరేటరుగా కూడా పనిచేసి, వేగం తగ్గించేటప్పుడు వృథా కావలసిన శక్తిని తిరిగి బ్యాటరీకి చేర్చుతుంది. టైకాన్‌లో నిత్యజీవితంలోని బ్రేకింగులో దాదాపు నూటికి తొంభై పాళ్ళు ఈ విధంగా మోటార్లే చూసుకొంటాయని తయారీదారు ప్రకటన.

కనుక దృష్టి పెట్టవలసింది అశ్వశక్తి మీద కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కొలతల ప్రకారం 2020 నమూనా టైకాన్ టర్బో, సుమారు 670 అశ్వశక్తులతో, నూరు కిలోమీటర్లకు దాదాపు 30 యూనిట్లు వాడింది. అంతకంటె ఎంతో బలమైన ప్లాయిడ్ 19 అంగుళాల చక్రాలతో 18 యూనిట్లే వాడింది. టైకాన్‌ను బయట నడిపి చూసిన పత్రికలవారికి ఇంకా మంచి ఫలితాలే వచ్చిన మాట నిజం. అయినా ఇద్దరికీ ఒకే తూనిక వాడినప్పుడు వచ్చిన తేడా చిన్నది కాదు. అదే ప్లాయిడ్‌కు సొగసు కోసం 21 అంగుళాల చక్రాలు తొడిగితే, ఒకసారి చార్జి చేసి వెళ్ళగల దూరం 637 కిలోమీటర్ల నుండి 560కి పడిపోయింది. కేవలం చక్రాల అందానికి 77 కిలోమీటర్లు సమర్పించుకోవడమన్నమాట! ఇక వేగం సంగతి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్లతో వెళ్ళేవాడు 120 అందుకొంటే, ప్రతి కిలోమీటరుకూ గాలిని చీల్చుకొని పోవడానికి వెచ్చించే శక్తి రెండింతలకు మించుతుంది. మోటారు ఎంత మేలైనదైనా గాలి ఎవరినీ మన్నించదు.

వ్యయం విషయంలోనే ప్రచారం హద్దు మీరుతున్నది. యూనిటు పది రూపాయలు, లీటరు పెట్రోలు నూరు రూపాయలు అనుకొని లెక్క కట్టవచ్చు. 30 యూనిట్లు వాడే కారుకు నూరు కిలోమీటర్లకు మూడువందల రూపాయలు అవుతుంది. అంతటి పెట్రోలు కారు 12 లీటర్లు తాగితే పన్నెండువందలు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే ఆదా తొంభైవేలు. ఇంజను ఆయిలు, క్లచ్చి, స్పార్కు ప్లగ్గుల ఖర్చు లేకపోవడం అదనపు లాభం. వినడానికి బాగానే ఉంది. కాని టైకాన్ భారతదేశంలో 2021 నవంబరులో విడుదలైనప్పుడు దాని ప్రారంభ ధర కోటిన్నర. విద్యుత్ కారు కోసం పది లక్షలు అదనంగా వెచ్చించినవాడు, నూటికి తొమ్మిది చొప్పున ఆ పది లక్షల మీది వడ్డీలోనే ఆ తొంభైవేలను పోగొట్టుకొంటాడు. రెండు టన్నులు దాటిన బండికి, దాని ఉధృతికి తగిన ఖరీదైన టైర్లు త్వరగా అరుగుతాయి. బీమా సొమ్ము కారు ధరను బట్టి ఉంటుంది. అన్నిటినీ మించి, మారు అమ్మకంలో ధర పడిపోవడం వల్ల కలిగే నష్టం ముందు కరెంటు బిల్లు ఆవగింజంత. ఏనుగును కొన్నవాడు అంకుశం చవకగా దొరికిందని పొంగిపోవడం వంటిదే ఈ ఆదా.

అటువంటప్పుడు ఈ ధనవంతుల వాహనంలో యూనిట్లు లెక్కించడం దేనికి అని అడిగేవారు ఉండవచ్చు. ఆ యూనిట్లు ఎక్కడి నుండి వస్తున్నాయో చూస్తే సమాధానం దొరుకుతుంది. భారతదేశపు విద్యుదుత్పత్తిలో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు నుండే వస్తున్నది. రామగుండం, కొత్తగూడెం కేంద్రాల పొగగొట్టాలు తెలుగువారికి కొత్తవి కావు. బొగ్గు ఉష్ణంలో నూటికి 35 పాళ్ళే విద్యుత్తుగా మారుతుంది. తీగలలో మరికొంత పోతుంది. 30 యూనిట్లు వాడే కారు వెనుక ఇంచుమించు నూరు యూనిట్ల ఉష్ణం మండుతుంది. 12 లీటర్ల పెట్రోలులో ఉన్న ఉష్ణం సుమారు 108 యూనిట్లు. చమురు శుద్ధికి అయ్యే శక్తిని కలిపినా తేడా గొప్పది కాదు. 18 యూనిట్లతో సరిపెట్టుకొనే కారుకు మాత్రం అరవై యూనిట్ల ఉష్ణం చాలు. బొగ్గు మీద ఆధారపడినంత కాలం, ‘విద్యుత్ కారు’ అన్న పేరు ఒక్కటే ఎవరికీ యోగ్యతాపత్రం కాజాలదు. సూర్యరశ్మి, గాలి నుండి వచ్చే విద్యుత్తు పెరిగేకొద్దీ ఈ లెక్క మారుతుంది. అయితే ఆ విద్యుత్తు కోసం రైతు మోటార్లూ, పరిశ్రమలూ, ఇళ్ళూ కూడా కాచుకొని ఉన్నాయి.

వేగానికీ పొదుపుకూ సహజ వైరం లేదని చూపిన ఘట్టం హైదరాబాదులోనే జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన భారతదేశపు మొదటి ఫార్ములా ఈ పోటీ జరిగింది. గంటకు 320 కిలోమీటర్ల వరకు పోగల ఆ కార్లకు వెనుక చక్రాల వద్ద మామూలు బ్రేకులే లేవు, మోటార్లే ఆపుతాయి. పోటీలో వాడే శక్తిలో నూటికి నలభై పాళ్ళు ఆపినప్పుడు రాబట్టుకొన్నదేనని నిర్వాహకుల మాట. అక్కడ ప్రతి చోదకునికీ విద్యుత్తు లెక్కగట్టి ఇస్తారు. చివరి చుట్లలో నిక్ కాసిడీ వెన్నంటి తరుముతుండగా, మిగిలిన శక్తిని పొదుపుగా వాడుకొంటూ ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలుపొందాడు.

దుకాణంలో కారు కొనేవానికి అటువంటి హద్దు ఎవరూ పెట్టరు. ఎన్ని సెకన్లలో నూరు కిలోమీటర్ల వేగం అందుతుందో, ఒక చార్జికి ఎంత దూరం పోతుందో ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనబడుతుంది. పెద్ద బ్యాటరీ పెడితే దూరం దానంతటదే పెరుగుతుంది కనుక, దూరాన్ని బట్టి దక్షత తెలియదు. నూరు కిలోమీటర్లకు ఎన్ని యూనిట్లు అన్న అంకె అమెరికాలో కారు అద్దానికి అంటించే చీటీ మీద, నూరు మైళ్ళ లెక్కలో, ఉంటుంది. ఇక్కడి ప్రకటనలలో కూడా ఆ అంకెను సెకన్ల పక్కనే, అంతే పెద్ద అక్షరాలతో అచ్చువేయించాలి.